రైలు వదిలేసిన బాటలో: పిరెనీస్ పాదాల నుంచి మధ్యధరా ఒడ్డుకు మూడు రోజులు

ఈ దారిని కొండ వైపు నుంచి సముద్రం వైపే తొక్కాలి. తిరగేసి తొక్కినా చేరతారు గానీ, రెండో రోజంతా ఎక్కుడే అవుతుంది. స్పెయిన్ ఈశాన్య మూల కాటలోనియాలో, పిరెనీస్ కొండల పాదాల దగ్గర రిపోల్ అనే చిన్న ఊరు ఉంది. సముద్ర మట్టానికి సుమారు 690 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి సాంట్ ఫెలియు దె గీషోల్స్ రేవు దాకా 120 కిలోమీటర్ల పైచిలుకు. అందులో వంద కిలోమీటర్లకు పైగా పాత రైలు కట్టల మీదే వెళ్తాం. పట్టాలు పీకేశారు, కట్ట మిగిలింది, దాని మీద సన్న కంకర, గట్టి మట్టి పరిచి సైకిళ్లకూ నడిచేవాళ్లకూ వదిలేశారు. కార్లకు ప్రవేశం లేదు.

స్పెయిన్‌లో ఇలాంటి బాటలను వియా వెర్దే అంటారు, పచ్చ దారి అని అర్థం. 1993లో మొదలైన ఈ కార్యక్రమం కింద దేశమంతటా 3,000 కిలోమీటర్లకు పైగా పాత రైలు మార్గాలు ఇలా మారాయి. జిరోనా ప్రాంతంలోవి వాటిలో బాగా చూసుకుంటున్నవి. మన దారిలో పడే ఒలోట్–జిరోనా, జిరోనా–సాంట్ ఫెలియు రైళ్లను స్థానికులు కారిలెట్ అనేవారు, బుల్లి రైలు అని. పట్టాల మధ్య వెడల్పు 750 మిల్లీమీటర్లే. శ్రీకాకుళం జిల్లాలో నౌపడ–గుణుపురం పాత నారో గేజ్ చూసినవాళ్లకు ఆ కొలత ఇట్టే అర్థమవుతుంది, అది 762. రెండు కారిలెట్‌లూ 1969లో ఆగిపోయాయి.

ఒక్క సంగతి ముందే మనసులో పెట్టుకుంటే దారంతా చదవడం వస్తుంది. ఆవిరి ఇంజనుకు ఏటవాలు పడదు. అందుకే కట్టను వందకు రెండు మూడు మీటర్లకు మించి లేవకుండా కొండ చుట్టూ తిప్పి వేశారు. కాబట్టి బాట మీద ఎక్కడైనా ఉన్నట్టుండి నిటారుగా దిగినా ఎక్కినా అది అసలు రైలు కట్ట కాదు. అక్కడో వంతెన పోయి ఉంటుంది, లేదా కొత్త రోడ్డు కట్టను కోసేసి ఉంటుంది. వెంటనే బ్రేకు మీద వేళ్లు పెట్టండి. చాలాసార్లు ఆ దిగుడు చివర వాహనాల రోడ్డు దాటాల్సి వస్తుంది, అడ్డంగా చెక్క కంచో ఇనుప గుంజలో ఉంటాయి.

బయల్దేరే ముందు

ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా, మళ్లీ సెప్టెంబర్ మధ్య నుంచి నవంబర్ మొదటి దాకా మంచి కాలం. జులై, ఆగస్టుల్లో లోతట్టు ఊళ్లు ఉడికిపోతాయి, తీరంలో గది దొరకదు. చలికాలంలో ఒలోట్ లోయలో పొద్దున మంచు గడ్డకట్టి, చెట్ల నీడ పడే మలుపుల్లో మధ్యాహ్నం దాకా కరగదు.

700సి సైజు చక్రానికి 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరు ఈ నేలకు సరిగ్గా సరిపోతుంది. 35 అయినా నడుస్తుంది గానీ మూడో రోజు ఇసుకలో చేతులు అలిసిపోతాయి. 70 కిలోల మనిషి, 8 కిలోల సామాను అనుకుంటే ట్యూబ్‌లెస్‌లో గాలి ఒత్తిడి ముందు 33, వెనక 37 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. లోపల ట్యూబు ఉంటే రెండింటికీ ఐదేసి కలపాలి. లేకపోతే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. చాలామంది చేసే పొరపాటు దీనికి ఎదురుది: తారు రోడ్డు అలవాటు కొద్దీ 60 దాకా కొట్టేస్తారు. టైరు రాయిని తనలోకి తీసుకోవాల్సింది పోయి దాని మీద నుంచి ఎగురుతుంది, మలుపులో ముందు చక్రం పక్కకు జారుతుంది.

బాట పక్కన ముళ్ల పొదలు కత్తిరించినప్పుడు ఆ ముక్కలు దారి మీదే పడి ఉంటాయి. ట్యూబ్‌లెస్ అయితే టైరుకు 60 మిల్లీలీటర్ల సీలెంట్, అంటే చిల్లు పూడ్చే ద్రవం, ఉండాలి. మూడు నాలుగు నెలల కింద పోసిందైతే ఈపాటికి ఎండి తొక్క కట్టి ఉంటుంది. వాల్వ్ కోర్ విప్పి సన్న పుల్ల పెట్టి చూడండి, తడి అంటకపోతే మళ్లీ పోయాలి. ఏ టైరైనా ఒక ట్యూబు, రెండు టైరు లీవర్లు, పంపు, చైను తెగితే కలిపే లింకు ఒకటి సంచిలో ఉండాల్సిందే. వెనక గేర్లు మార్చే డిరైలర్‌ను తగిలించే హ్యాంగర్ ఒకటి అదనంగా తెచ్చుకోండి. విమానంలో వచ్చిన సైకిల్‌కు ముందు వంగేది అదే. ప్రతి మోడల్‌కూ దాని ఆకారం వేరు, దారిలో ఊళ్లో అడిగితే దొరికేది కాదు. సైకిల్ దుకాణాల మీద ఆశ పెట్టుకోవాల్సింది ఒలోట్, జిరోనాల్లోనే. జిరోనాలో అద్దెకూ దొరుకుతాయి. మధ్యాహ్నం ఒకటిన్నర రెండు నుంచి సాయంత్రం దాకా దుకాణాలు మూసేస్తారు, ఆదివారం అసలు తెరవరు. తిండి సామాను కొనడానికీ ఇదే లెక్క.

స్పెయిన్‌లో ఊరి బయట సైకిల్ తొక్కేటప్పుడు హెల్మెట్ తప్పనిసరి. గంట ఉండాలి, చీకటి పడితే ముందూ వెనకా లైట్లుండాలి. పచ్చ దారి మీద మొదటి హక్కు నడిచేవాళ్లది. వెనక నుంచి వస్తుంటే దూరం నుంచే గంట కొట్టి, వేగం తగ్గించి, ఓలా అని పలకరించి దాటాలి.

బార్సిలోనా నుంచి రిపోల్‌కు ఆర్3 లోకల్ రైలు, దాదాపు రెండు గంటలు. ఈ లోకల్, ప్రాంతీయ రైళ్లలో చోటుంటే సైకిల్‌కు టికెట్ అక్కర్లేదు. హైస్పీడ్ రైలైతే సైకిల్ విప్పి సంచిలో పెట్టాల్సిందే. ఆర్3 లైను మీద పనులు జరుగుతుంటే కొంత దూరం బస్సులు వేస్తారు. బస్సులో సైకిల్ ఎక్కనిస్తారని నమ్ముకుని రావద్దు, ముందు రోజే ఆరా తీయండి.

మొదటి రోజు: రిపోల్ నుంచి ఒలోట్, సుమారు 30 కి.మీ.

దూరం తక్కువని తేలిగ్గా తీసుకోకండి. మూడు రోజుల్లో బరువైన ఎక్కుడు ఈ రోజే ఉంది.

రిపోల్‌లో రైలు దిగాక ముందు మఠం ముఖద్వారం చూసి రండి, అరగంట చాలు. 12వ శతాబ్దంలో రాతి మీద బైబిలు కథలన్నీ వరసలు వరసలుగా చెక్కారు. రాయి మెత్తనిది, అరిగిపోయింది. అందుకే దాన్ని గాలికీ వానకూ తగలకుండా అద్దం వెనక ఉంచారు.

ఊరి నుంచి సాంట్ జువాన్ దె లెస్ అబదెసెస్‌కు 10 కిలోమీటర్లు, తేర్ నది పక్కనే. ఈ బాట పేరు ఇనుము–బొగ్గు దారి. రిపోల్ కొలుముల్లో ఇనుము కొట్టేవారు, పైన ఒగాస్సా గనుల్లో బొగ్గు తీసేవారు. ఆ బొగ్గు కోసమే 1880లో ఈ రైలు వేశారు. పది కిలోమీటర్లలో 85 మీటర్లు లేస్తుంది, అంటే వందకు ఒకటి కూడా పూర్తిగా లేదు. ఎక్కుతున్నట్టే తెలియదు. గేర్లు సరిగ్గా పడుతున్నాయా, సంచుల పట్టీలు వదులవుతున్నాయా చూసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. ఏదైనా తేడా ఉంటే ఇక్కడే సరిచేసుకోండి. ఓపిక ఉన్నవాళ్లు సాంట్ జువాన్ నుంచి ఒగాస్సా గనుల దాకా వెళ్లి రావచ్చు, అక్కడ బాట నిటారవుతుంది.

సాంట్ జువాన్‌లో భోజనం చేసి, సీసాలు రెండూ నింపుకుని బయల్దేరాలి. ఎందుకంటే ఇక్కడ పచ్చ దారి ఆగిపోతుంది. సాంట్ జువాన్‌కూ ఒలోట్‌కూ మధ్య ఎన్నడూ రైలు లేదు, కాబట్టి కట్టా లేదు. సుమారు 20 కిలోమీటర్లు పాత రోడ్డు మీద, 1,064 మీటర్ల శాంతిగోసా కనుమ దాటాలి. ట్రాఫిక్ లేని దారి అని చెప్పుకునే ఈ మొత్తం ప్రయాణంలో మినహాయింపు ఇదే. దీన్ని ముందే చెప్పకపోవడం చదివేవాళ్లకు అన్యాయం. సొరంగాలున్న కొత్త రోడ్డు వేరేగా పడ్డాక బరువు బళ్లు ఇటు రావడం తగ్గింది. అయినా మలుపుల రోడ్డు, శని ఆదివారాలు మోటార్ సైకిళ్లు వస్తాయి. వీలైతే మామూలు రోజు పెట్టుకోండి, వెనక లైటు పగలే వెలిగించండి.

ఎక్కుడు 290 మీటర్లు. ముందు గేరు చక్రానికి 40 పళ్లు, వెనక గేర్లలో పెద్దదానికి 40 పళ్లకు తగ్గకుండా ఉంటే సామానుతో కూర్చునే ఎక్కొచ్చు. కనుమ నుంచి ఒలోట్‌కు 600 మీటర్లకు పైగా దిగుడు. ఒకే బ్రేకు పట్టుకుని దిగితే డిస్కు వేడెక్కి బ్రేకు లీవర్ మెత్తబడుతుంది. మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా ఒక్కసారి పట్టి, మలుపులో వదిలేయండి. రాత్రికి ఒలోట్ చేరాక బ్రేకు ప్యాడ్లు చూడండి. పైన రాపిడి పొర మందం ఒక మిల్లీమీటరు లోపుంటే మార్చేయాల్సిందే.

రెండో రోజు: ఒలోట్ నుంచి జిరోనా, సుమారు 54 కి.మీ.

ఈ రోజు కోసమే ఇంత దూరం వస్తాం. ఒలోట్ చుట్టూ ఉన్న గరోచ్చా ప్రాంతంలో 40 దాకా అగ్నిపర్వతాలున్నాయి. అన్నీ నిద్రలోనే ఉన్నాయి, ఊరి ఇళ్ల మధ్యలోనే కొన్ని గుట్టల్లా లేచి కనిపిస్తాయి. పొద్దున్నే గంటన్నర కేటాయించగలిగితే ఫగేదా దెన్ జోర్దా అడవి చూసి రండి. క్రొస్కాట్ అగ్నిపర్వతం నుంచి పారిన లావా మీద పెరిగిన బీచ్ చెట్ల అడవి అది. బీచ్ (beech) అనే ఈ చెట్టుకు చల్లదనం, తేమ కావాలి, మామూలుగా ఇంత తక్కువ ఎత్తులో పెరగదు. సైకిల్‌ను నడక బాటల్లోకి దింపకండి, తాళం వేసి నడవండి.

ఒలోట్ నుంచి బాట కూరగాయల పొలాల మధ్య చదునుగా లెస్ ప్రెసెస్ చేరుతుంది. అక్కడ బోస్క్ దె తోస్కా అనే లావా నేల పక్కన ఒకసారి దిగి గోడలు చూడండి. లావా రాళ్లను సున్నం, మట్టి ఏమీ లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చారు. రాయి చేతిలోకి తీసుకుంటే చూసినంత బరువుండదు, లోపలంతా బొరియలు. నేల సాగు చేయాలంటే ముందు ఈ రాళ్లు ఏరాలి, ఏరిన రాళ్లు ఎక్కడో పెట్టాలి. అలా పొలాల హద్దులన్నీ నల్ల గోడలయ్యాయి.

తర్వాత బాస్ లోయ. మొక్కజొన్న, బంగాళాదుంప పొలాలు. సాంట్ ఎస్తేవె దాటాక బాట మెల్లగా లేచి కొల్ దెన్ బాస్ దగ్గర 600 మీటర్లు దాటుతుంది. ఒలోట్ 440 దగ్గర ఉంది కాబట్టి రోజంతటికీ ఎక్కుడు అంతే. అక్కడి నుంచి జిరోనా 70 మీటర్ల దాకా దిగుడే.

మోసం ఇక్కడే ఉంది. దిగుడు ఎంత సన్నంగా ఉంటుందంటే కంటికి చదునుగానే కనిపిస్తుంది, కాలికి మాత్రం తెలుస్తుంది. ఉత్సాహం కొద్దీ గంటకు 28, 30 వేగం పట్టేస్తారు. అడవిలో నీడ, ఎండ మారి మారి పడుతుంటే గుంట కనిపించదు, రాలిన ఆకుల కింద రాయి కనిపించదు. పాత లెవెల్ క్రాసింగుల దగ్గర అడ్డుగా పెట్టిన చెక్క కంచెల మధ్య సందు ఇరుకు. హ్యాండిల్‌కు వెడల్పాటి సంచి కట్టుకున్నవాళ్లు అక్కడే తగిలి పడతారు. 20, 22 వేగంతో వెళ్తే జిరోనాకు మూడు గంటల లోపే, తొందర అక్కర్లేదు.

సాంట్ ఫెలియు దె పల్యెరోల్స్, లెస్ ప్లానెస్ దొస్తోలెస్, అమేర్: ఈ మూడు ఊళ్ల మధ్య దారి బ్రూజెంట్ నది వెంట దట్టమైన నీడలో సాగుతుంది. పాత స్టేషన్ భవనాలు చాలావరకు నిలిచే ఉన్నాయి. ముఖం ఊరి వైపు, వీపు బాట వైపు పెట్టుకున్నట్టుంటే ఆ వీపే ప్లాట్‌ఫాం. పేర్ల విషయంలో జాగ్రత్త. ఈ ప్రయాణంలోనే రెండు సాంట్ ఫెలియులు ఉన్నాయి, బార్సిలోనా పక్కన మూడోది ఉంది. గది బుక్ చేసేటప్పుడూ మ్యాప్‌లో కొట్టేటప్పుడూ పేరు పూర్తిగా రాయకపోతే కొండల మధ్య గది తీసుకుని సముద్రం ఒడ్డున వెతుక్కోవాల్సి వస్తుంది.

నీళ్లు ప్రతి ఊళ్లోనూ కుళాయిల్లో దొరుకుతాయి. పైన 'నో పొతాబ్లే' అనో 'ఐగువా నో త్రక్తాదా' అనో రాసి ఉంటే తాగకూడదు. మొదటిది తాగేందుకు పనికిరావని, రెండోది శుద్ధి చేయలేదని.

భోజనానికి అమేర్ అనువైన చోటు, కమానుల మండపాలు చుట్టూ ఉన్న పెద్ద చదరం ఉంది. శాకాహారులకు ఈ ప్రాంతంలో ఆధారం రెండు వంటకాలు. ఒకటి పా అంబ్ తుమాకెట్: కాల్చిన రొట్టె మీద పండు టమాటా రుద్ది, ఆలివ్ నూనె, ఉప్పు వేసినది. రెండోది ఎస్కలివాదా. వంకాయ, ఎర్ర క్యాప్సికం నిప్పుల మీద తొక్క మాడేలా కాల్చి, తొక్క తీసి, చీలికలుగా నూనెలో వేస్తారు. మన కాల్చిన వంకాయ పచ్చడి వాసనే వస్తుంది. దాని మీద ఆంచోవీ చేప ముక్కలు పరచడం ఇక్కడ మామూలు, ముందే వద్దని చెప్పాలి. గరోచ్చాలో పేరున్న సాంతా పావ్ చిక్కుడు గింజలు కూడా తరచూ పంది మాంసం సాసేజ్‌తో కలిపే వస్తాయి.

లా సెల్యెరా, ఆంగ్లెస్, బొన్‌మతీ, బెస్కనో వేగంగా దాటిపోతాయి. ఇక్కడ చూడ్డానికి ఎక్కువ లేదు, తేర్ నది లోయ వెడల్పవుతుంది, నీడ తగ్గుతుంది. సల్ట్ దగ్గర మళ్లీ బాగుంటుంది: కాలువ నీళ్లతో పెంచే చిన్న చిన్న కూరగాయల మడులు. జిరోనాలో ఓన్యార్ నది మీద ఎర్రటి ఇనుప వంతెన ఒకటుంది. పారిస్ ఈఫిల్ టవర్ కన్నా ముందే, 1877లో, ఈఫిల్ కంపెనీ కట్టింది.

గదికి చేరాక చైను తుడవండి. రోజంతా తిన్న దుమ్ము నూనెతో కలిసి సానరాయి ముద్దలా తయారవుతుంది. ముందు పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచి, తర్వాతే లింకుకొక చుక్క వేసి, పైన మిగిలింది మళ్లీ తుడిచేయాలి. తుడవకుండా నూనె పోస్తే ఆ ముద్దను లోపలికి నెట్టినట్టవుతుంది.

మూడో రోజు: జిరోనా నుంచి సాంట్ ఫెలియు దె గీషోల్స్, దాదాపు 40 కి.మీ.

ఎనిమిదికల్లా బయల్దేరండి. ఎండ ముదిరాక తీరం నుంచి గాలి లేస్తుంది, చివరి పది కిలోమీటర్లు దానికి ఎదురు తొక్కాల్సి వస్తుంది.

1892లో మొదలైన రెండో కారిలెట్ దారి ఇది. నల్ల కుండలకు పేరున్న క్వార్ట్, తర్వాత ల్యాంబిల్యెస్, కస్సా దె లా సెల్వా, ల్యాగొస్తేరా. నేల మారుతుంది, చెట్టు మారుతుంది. కింద గ్రానైట్ చివికి ముతక ఇసుకయిన నేల, స్థానికంగా సౌలో అంటారు. తెలంగాణలో మొరం అంటామే, దానికి దగ్గరి చుట్టం. తడిసి ఆరి అణిగినచోట సిమెంటులా గట్టిగా ఉంటుంది. పైన వదులు పొర చేరినచోట గోళీల మీద నడిచినట్టే. తేడా రంగులో తెలుస్తుంది: చక్రాలు నడిచిన గీత ముదురుగా, నున్నగా ఉంటుంది, అంచులూ మధ్య గీతా లేతగా, గరుకుగా ఉంటాయి. ముదురు గీతలోనే ఉండండి. గీత మారాలంటే హ్యాండిల్ తిప్పకుండా వంపుతో మెల్లగా మారాలి. మలుపులో ముందు బ్రేకు ముట్టుకోవద్దు. వాన పడ్డ మర్నాడు ఈ ఇసుక నీటిని త్వరగానే పీల్చేస్తుంది, బంకమట్టిలా చక్రాలకు పట్టదు. అది ఈ దారికున్న పెద్ద వరం.

ఎడమ వైపు గవర్రెస్ కొండలు. వాటి నిండా బెండు ఓక్ చెట్లు. సీసా బిరడాలు చేసేది వీటి బెరడుతోనే. కస్సా, ల్యాగొస్తేరా, సాంట్ ఫెలియు ఊళ్లు ఈ బెండు పరిశ్రమ మీద పెరిగినవే. వేసవిలో బెరడు వదులయ్యే రోజుల్లో గొడ్డలితో నిలువునా గాటు పెట్టి, పలకల్లా ఒలుస్తారు. గొడ్డలి లోపలి పొరకు తగలకూడదు, తగిలితే అక్కడ మళ్లీ బెండు రాదు. ఒలిచిన మాను కొత్తలో ఇటుక రంగులో ఎర్రగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడి, తర్వాత బూడిద రంగు పగుళ్ల తొడుగు కప్పుకుంటుంది. మళ్లీ ఒలవడానికి పదేళ్లకు పైనే ఆగాలి. బాట పక్కన మొదటి కొమ్మ కింద దాకా ఎర్రగా, ఆ పైన గరుకుగా, చొక్కా సగం విప్పినట్టున్న చెట్టు కనిపిస్తే ఆగి చేత్తో తడిమి చూడండి. ఎండిన బెరడు మధ్యాహ్నం ఎండలో కూడా వేడిగా అనిపించదు. అడవికి నిప్పంటుకున్నప్పుడు ఈ చెట్టును కాపాడేది ఆ గుణమే. ఒక్క ముక్క కూడా పీకకండి, ఇవి యజమానులున్న తోటలు.

ల్యాగొస్తేరా దాటాక దారి సముద్రం వైపు వాలుతుంది. సాంతా క్రిస్తీనా దారో దగ్గర నుంచి ఊళ్లు దగ్గర పడతాయి. రోడ్లు దాటే చోట్లు ఎక్కువవుతాయి, పిల్లలు, కుక్కలు, నడిచేవాళ్లు ఎదురొస్తారు. ఇక్కడ వేగం మర్చిపోండి. 'పిరినెక్సుస్' అని రాసిన గుర్తు పలకలు కూడా కనిపిస్తాయి, పిరెనీస్‌ను దాటి ఫ్రాన్స్‌లోకి వెళ్లొచ్చే సుమారు 350 కిలోమీటర్ల సైకిల్ చుట్టుదారి అది. వారం రోజులున్నవాళ్లు దాన్ని పట్టుకోవచ్చు.

సాంట్ ఫెలియులో రేవు, ఇసుక తీరం, పదో శతాబ్దపు మూడేసి కమానుల పోర్తా ఫెర్రాదా, పాత మఠం ముఖభాగం. సైకిల్‌ను ఇసుకలోకి తీసుకెళ్లాలనిపిస్తుంది, వద్దు. ఉప్పు ఇసుక బేరింగుల్లో చేరితే తర్వాత మంచినీళ్లు పోసి కడిగినా లోపలిది పోదు.

తిరుగు ప్రయాణం ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ ఊరికి ఇప్పుడు రైలు లేదు. బస్సు కింది అరలో సైకిల్ పెట్టనిచ్చేది చోటును బట్టి, డ్రైవరును బట్టి ఉంటుంది. నమ్మకమైన పద్ధతి రాత్రి ఇక్కడే ఉండి, మర్నాడు పొద్దున అదే బాటలో జిరోనాకు వెనక్కి తొక్కడం. ల్యాగొస్తేరా దాకా ఎక్కుడు మెల్లగానే ఉంటుంది, సామానుతో మూడు గంటలు వేసుకోండి. జిరోనా నుంచి బార్సిలోనాకు ప్రాంతీయ రైళ్లు రోజంతా ఉంటాయి. ఆదివారం సాయంత్రం రైళ్లలో సైకిళ్ల చోటు ముందే నిండిపోతుంది, మధ్యాహ్నం రైలే పట్టుకోండి.